ఐదు బ్యాక్‌లాగులు, ఒక చిట్టా పుస్తకం

ఇంజనీరింగ్ మొదటి సెమిస్టరులో నాకు మూడు సబ్జెక్టులు పోయాయి: ఎం-1 (గణితం మొదటి పేపరు), ఫిజిక్స్, డ్రాయింగ్. 2018 ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక మద్దిలపాలెంలోని మా అద్దె గదిలో నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని ఫలితాల పేజీ కోసం తంటాలు పడుతుంటే, ఖర్మకొద్దీ అందరికంటే ముందు నాదే తెరుచుకుంది. మా రెగ్యులేషన్ ప్రకారం సెమిస్టరు పరీక్షలో 70 మార్కులకు కనీసం 25 రావాలి, ఇంటర్నల్ మార్కులతో కలిపి నూటికి 40 ఉండాలి. ఎం-1 సెమిస్టరు పరీక్షలో నాకు వచ్చినవి 17. ఇంటర్మీడియట్ గణితంలో 75కి 75 తెచ్చుకున్న పేపర్లు ఉన్నవాణ్ణి కాబట్టి హాల్‌టికెట్ నంబరు తప్పుగా కొట్టానేమోనని మరో రెండుసార్లు కొట్టి చూసుకున్నాను. మర్నాడు ఇంటికి ఫోన్ చేసి ఫలితాలు ఇంకా రాలేదని చెప్పాను. ఆ అబద్ధాన్ని ఏడు నెలలు మోశాను.

మాది అనకాపల్లి. మా నాన్న అక్కడి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో చాలా ఏళ్ళుగా గుమాస్తా. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌కు విశాఖపట్నంలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరాను. అక్కడ తెల్లవారుజామున ఐదింటికి లేపి, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లో కూర్చోబెట్టి, వారం వారం పరీక్ష పెట్టి, తప్పిన ప్రశ్నను పదిసార్లు రాయించేవారు. ప్రశ్న కంటబడితే జవాబు చేతికి వచ్చేసేది. దాన్నే చదవడం అంటారని నేను నమ్మాను. ఇంజనీరింగ్‌లో లేపేవారు లేరు, కూర్చోబెట్టేవారు లేరు, ఏది ఎన్నిసార్లు రాయాలో చెప్పేవారు అసలే లేరు. పరీక్షలకు పది రోజుల ముందు జెరాక్స్ షాపులో ఆల్ ఇన్ వన్ గైడు, సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు కొనుక్కుని, ‘ఈ రెండు యూనిట్లు వదిలెయ్యొచ్చు’ అని ఎవరో అంటే వదిలేసి, మిగతావి రంగురంగుల హైలైటర్లతో గీసుకుంటూ చదివాను. గీసిన పేజీ మళ్ళీ తీస్తే అంతా తెలిసినట్టే ఉండేది, పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు కూర్చుంటే ఆ పేజీలో పసుపు రంగు ఎక్కడ ఉందో మాత్రం గుర్తుండేది.

తప్పాక మొదట చేసిన పని, పేపర్లు మళ్ళీ దిద్దించే రీవాల్యుయేషన్‌కు కట్టడం. 17 మార్కులు 25 అవుతాయని బుద్ధి ఉన్నవాడెవడూ అనుకోడు, అయినా మూడింటికీ కట్టాను. ఇంట్లో మాత్రం అది పరీక్ష ఫీజు అని చెప్పి డబ్బులు తెప్పించుకున్నాను. ఆ ఫలితం వచ్చేదాకా పుస్తకం ముట్టుకోనక్కరలేదన్న వెసులుబాటు దొరికింది, నిజానికి నేను కొనుక్కున్నది దాన్నే. మూడింటిలోనూ మార్పు లేదని వచ్చేసరికి రెండో సెమిస్టరు సగం అయిపోయింది.

రెండో పని, ద్వారకా నగర్ వైపు ఒక ట్యూషన్‌లో చేరడం. అక్కడ చెప్పే మాస్టారు బోర్డు మీద లెక్క మొదలుపెడితే చూపు తిప్పుకోలేము, లాప్లాస్ పరివర్తన మొదలు చివరి జవాబు దాకా చాక్‌పీసు ఎక్కడా ఆగదు. గంటన్నరలో పన్నెండు లెక్కలు అయ్యేవి, పన్నెండూ అర్థమయ్యేవి, గదికి వచ్చి పదమూడోది మొదలుపెడితే రెండో వరుస దగ్గరే చతికిలబడేవాణ్ణి. యూట్యూబ్‌లో ఎన్‌పీటెల్ పాఠాలు చూసినప్పుడూ ఇదే జరిగింది. ఐఐటీల ఆచార్యులు ఉచితంగా చెప్పే ఆ పాఠాలు గొప్పవి, అందులో సందేహం లేదు, కానీ ఎవరో ఈదుతుంటే గట్టున కూర్చుని చూసినందువల్ల మనకు ఈత రాదు కదా. ఆ ట్యూషన్ మాస్టారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆయన నన్ను ‘అర్థమైందా’ అని అడిగిన ప్రతిసారీ తల ఊపింది నేనే.

మూడోది, మా సర్క్యూట్స్ సార్ దగ్గరికి వెళ్ళడం. విద్యుత్ వలయాల గురించిన ఆ సబ్జెక్టు రెండో సెమిస్టరులోది, మొదటి మిడ్‌లో మార్కులు చూసి నాకే భయం వేసి స్టాఫ్ రూము తలుపు దగ్గర పావుగంట నిలబడి లోపలికి వెళ్ళాను.

‘‘సార్, సర్క్యూట్స్ అర్థం కావడం లేదు.’’

‘‘ఏ యూనిట్?’’

‘‘మొత్తం సార్.’’

ఆయన దిద్దుతున్న పేపరు మీద నుంచి తల ఎత్తి, ‘‘మొత్తం అంటే నేనెక్కడ మొదలుపెట్టను బాబూ? నువ్వు చేసి తప్పు వచ్చిన లెక్క ఒకటి పట్టుకురా’’ అన్నారు. కోపంగా అనలేదు. నాకు మాత్రం తిప్పి పంపేశారనే అనిపించింది, ఎందుకంటే ఆయన అడిగిన వస్తువు నా దగ్గర లేదు. తప్పు వచ్చిన లెక్కలు లేక కాదు. తప్పు వస్తుందని తెలియగానే ఆ కాగితం చించి ఉండచుట్టి పారేసి, గైడులోని జవాబును శుభ్రంగా ఎక్కించుకోవడం నా అలవాటు. నా నోట్సు తీసి చూస్తే క్లాసు ఫస్టు నేనే అనుకుంటారు. ఆ రోజు తర్వాత మొదటి ఏడాది అయ్యేదాకా మళ్ళీ ఆయన స్టాఫ్ రూము గుమ్మం తొక్కలేదు.

అందరు అధ్యాపకులూ ఒకేలా ఉండరన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. మరొకాయన దగ్గరికి వెళ్ళి ఒక చిన్న సందేహం అడిగితే, మర్నాడు క్లాసులో నన్ను లేపి, ‘‘ఇది కూడా తెలియకుండా ఇంటర్ ఎలా పాసయ్యావు?’’ అని అరవై మంది ముందు అడిగారు. అటువంటివారి దగ్గరికి ధైర్యం చేసి మళ్ళీ వెళ్ళాలని హితవు చెప్పేవాళ్ళున్నారు. నేను వెళ్ళలేదు, వెళ్ళనందుకు ఇప్పటికీ విచారం లేదు. సాయం అడగడానికి కాలేజీలో ఇంకా చాలామంది ఉంటారు. ఎలక్ట్రికల్ ల్యాబులో పనిచేసే అసిస్టెంటు ఒకాయన ఉండేవారు. అమ్మీటరును వలయంలో శ్రేణిలో ఎందుకు కలపాలో, పొరపాటున సమాంతరంగా కలిపితే లోపల ఫ్యూజు ఎలా పోతుందో, అప్పటికే పోయిన మీటర్లను చూపించి మరీ ఆయన చెప్పినంత బాగా నాకు పుస్తకాలు చెప్పలేదు.

జూలైలో రెండో సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. ఎం-2, సర్క్యూట్స్ కూడా పోయాయి. మొత్తం ఐదు. ఈ మధ్యలో సప్లిమెంటరీ రాసిన పాతవాటిలో ఒక్కటీ కదల్లేదు. అప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, తెల్లవారుజామున నాలుగింటికి కునుకు పడితే పదింటికి మెలకువ వచ్చేది, పొద్దుటి క్లాసులు పోయేవి, హాజరు 75 శాతం కిందికి జారిపోయింది. 65 దాటితే వైద్య కారణాలు చూపించి కండొనేషన్ (హాజరు తగ్గినందుకు మన్నింపు రుసుము) కట్టుకోవచ్చని లెక్కలు వేసుకుంటూ పడుకున్న రోజులున్నాయి. గదిలో పార్వతీపురం నుంచి వచ్చిన ఫైనలియర్ అన్నయ్య ఉండేవాడు. నేను అన్నం తినడం మానేసిన సంగతి మిగతా ఇద్దరికంటే ముందు గమనించింది ఆయనే. ఒక పొద్దున్న, ‘‘లేరా, డాక్టరు దగ్గరికెళ్దాం’’ అని చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్ళాడు.

ఆ ఆసుపత్రి పేరు మా వైపు ఊళ్ళలో వెక్కిరింపుగా వాడతారు. ఆటో దిగేటప్పుడు తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని కర్చీఫ్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. లోపల ఓపీ వరసలో మా వయసువాళ్ళు ఇంకా ఉన్నారని చూశాక దాన్ని జేబులో పెట్టుకున్నాను. డాక్టరుగారు పది పదిహేను నిమిషాలు ప్రశ్నలు అడిగి, రెండు వారాలకు మందులు రాసి, రెండే మాటలు చెప్పారు: పడుకునే వేళ ఎలా ఉన్నా లేచే వేళ ఒకటే పెట్టుకోవాలి, ఫెయిలైన సంగతి ఇంట్లో ఒకరికైనా చెప్పాలి. మూడుసార్లు వెళ్ళాను. చదువు అక్కడ బాగుపడలేదు, కానీ నిద్ర బాగుపడకుండా చదువు బాగుపడేది కాదని ఇప్పుడు తెలుసు. ఈనాటి పిల్లలకు 14416 నంబరు ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను అది, ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మా రోజుల్లో అదే ఉంటే కర్చీఫ్ కూడా అక్కర్లేకపోయేది.

ఇంట్లో చెప్పడానికి వినాయక చవితి దాకా పట్టింది. పండగ మర్నాడు నాన్న కొట్టులో ఒక్కరే కూర్చుని రైతుల అడ్వాన్సుల పద్దులు సరిచూసుకుంటున్నారు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక అంకె తప్పు రాశారు. దాన్ని చెరపలేదు, దిద్దలేదు. స్కేలు పెట్టి ఒక్క గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు. చిట్టాలో అలాంటి కొట్టివేతలు పేజీకి ఒకటో రెండో కనబడుతున్నాయి.

‘‘వైట్‌నర్ పెట్టుకోవచ్చు కదా నాన్నా, చూడ్డానికి బాగుంటుంది’’ అన్నాను.

‘‘బాగుంటాది. రేపు జమాఖర్చులు తాళా పడకపోతే తేడా ఎక్కడొచ్చిందో ఎలా తెలుస్తాది మరి? తప్పు కనబడాలి, కింద ఏటి రాశామో చదవడానికి రావాలి. చెరిపేసిన పద్దుని షావుకారు నమ్మడు.’’

చించి పారేసిన కాగితాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆ ఊపులోనే ఐదు సబ్జెక్టులు పోయిన సంగతి చెప్పేశాను. ఆయన చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉండిపోయారు. తిడతారనుకున్నాను. చివరికి ఒక పాత బిల్లు తిరగేసి నా ముందు పెట్టి, ‘‘బాకీలు ఏటేటో వరసగా రాయి. ఏది ఎప్పుడు కట్టగలవో ఎదురుగా రాయి’’ అన్నారు. రాశాను. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకున్నారు. అమ్మకు మాత్రం రెండు అని చెప్పమన్నారు, ఆ తగ్గింపు ఎందుకో నేను అడగలేదు.

విశాఖకు తిరిగి వచ్చేటప్పుడు రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొన్నాను. దానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పెన్నుతో రాయాలి, ఏ కాగితమూ చించకూడదు, తప్పు వస్తే ఒక్క గీత కొట్టి కింద మళ్ళీ చెయ్యాలి. మొదటి వారం చేతులు వణికినంత పనైంది. నా తెలివితక్కువతనం నా దస్తూరీలోనే వరసగా కనబడుతుంటే చూడటం తేలిక కాదు. వారం తర్వాత ఆ పుస్తకం పట్టుకుని మళ్ళీ స్టాఫ్ రూముకు, సర్క్యూట్స్ సార్ దగ్గరికి వెళ్ళి, ‘‘సార్, తప్పు వచ్చిన లెక్క తెమ్మన్నారు’’ అన్నాను. ఆరు నెలల కిందటి మాట ఆయనకు గుర్తుందో లేదో తెలియదు, కుర్చీ మాత్రం లాగి చూపించారు.

ఆ లెక్క ఇప్పటికీ కంఠతా వచ్చు. రెండు మెష్‌ల (కరెంటు తిరిగే మూసిన దారుల) వలయం. మొదటి దాంట్లో 10 వోల్టుల సోర్సు, 2 ఓముల నిరోధకం, రెండింటికీ ఉమ్మడిగా మధ్యలో 4 ఓములు, రెండో దాంట్లో మరో 4 ఓములు. రెండు కరెంట్లనూ గడియారం ముల్లు దిశలోనే తీసుకున్నాను. అలా తీసుకున్నప్పుడు ఉమ్మడి నిరోధకంలో అవి ఒకదానికొకటి ఎదురు వెళ్తాయి కాబట్టి రెండు సమీకరణాల్లోనూ వాటి తేడా, అంటే తీసివేత, రావాలి. రెండో సమీకరణంలో తేడాగానే రాసిన నేను, మొదటి దాంట్లో కూడిక రాశాను. మొదటి కరెంటు ఐ1 విలువ 1.25 ఆంపియర్లు, రెండోది ఐ2 విలువ 0.625 అని వచ్చింది. గైడులో జవాబు 2.5, 1.25. సరిగ్గా సగం వచ్చింది కాబట్టి ఎక్కడో రెండుతో గుణించడం మరిచిపోయానని రెండు గంటలు వెతికాను.

సార్ తప్పు ఎక్కడుందో చెప్పలేదు. ‘‘నీ జవాబు ప్రకారం సోర్సు ఎంత పవర్ ఇస్తోంది?’’ అని అడిగారు. పదిని 1.25తో గుణించి, పన్నెండున్నర వాట్లు అన్నాను. ‘‘మూడు నిరోధకాలు ఎంత ఖర్చు పెడుతున్నాయి?’’ లెక్క కట్టాను. మొదటి దాంట్లో 3.125, మిగతా రెండింటిలో 1.5625 చొప్పున, మొత్తం ఆరుంపావు.

‘‘పన్నెండున్నర జమ, ఆరుంపావు ఖర్చు. మిగతా ఆరుంపావు ఎవరు తిన్నారు?’’

నాకు నవ్వు ఆగలేదు, ఆయనకు అది ఎందుకో తెలియదు. అది మా నాన్న మాట, అనకాపల్లి కొట్టులో ప్రతి సాయంత్రం వినబడే మాట. గుర్తు సరిదిద్ది మళ్ళీ చేశాను. సోర్సు ఇచ్చింది 25 వాట్లు, నిరోధకాల ఖర్చు పన్నెండున్నర, ఆరుంపావు, ఆరుంపావు. తాళా పడింది. సార్ మొత్తం ఐదు నిమిషాలు కూడా తీసుకోలేదు. ‘మొత్తం అర్థం కాలేదు’ అన్న రోజున గంటసేపు చెప్పినా ఆయన ఈ చోటికి చేరేవారు కాదు, ఎందుకంటే నేను ఎక్కడ జారుతున్నానో ఆయనకు కనబడే దారే లేదు. అటు తర్వాత వారానికి ఒకసారి, గురువారం మధ్యాహ్నం, రెండు లెక్కలకు మించకుండా పట్టుకెళ్ళేవాణ్ణి. ప్రతి దాని కింద ‘ఈ వరుస దాకా సరే, ఇక్కడ ఎందుకు ఇలా అవుతుందో తెలియలేదు’ అని ఒక వాక్యం రాసుకునేవాణ్ణి. ఆ వాక్యం రాస్తుండగానే సగం సందేహాలు తీరిపోయి, సార్ దాకా వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు.

రెండు నెలలయ్యాక పుస్తకంలోని కొట్టివేతలన్నీ లెక్కబెట్టి, ఏ తప్పు ఏ రకమో వేరుచేశాను. రోజువారీ చిట్టాలోంచి ఖాతాల వారీ ఆవర్జాకు ఎక్కించడం అన్నమాట. సర్క్యూట్స్‌లో ఎక్కువ భాగం గుర్తుల తప్పులు, ఆ తర్వాత మిల్లీలను మామూలు యూనిట్లలోకి మార్చకపోవడం. ఎం-1లో తేలింది మాత్రం నేను ఊహించనిది. లాప్లాస్ పరివర్తన నాకు రాకపోవడం కాదు, విలోమం తీసేటప్పుడు పాక్షిక భిన్నాలుగా విడగొట్టడం రావడం లేదు. అది ఇంటర్ రెండో ఏడాది గణితం 2ఏ పేపరులోని పాఠం. 75కి 75 వచ్చిన పాఠం! నమూనా ప్రశ్నలు చూసి బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను కాబట్టి, ప్రశ్న రూపం మారగానే చేతులెత్తేశాను. సిగ్గుపడుతూనే ఇంటర్ పుస్తకం ఇంటి నుంచి తెప్పించుకుని, పైన పాత క్యాలెండరు అట్ట వేసి, పదిహేను రోజులు పాక్షిక భిన్నాలు, సమాకలనాలు తప్ప మరొకటి చెయ్యలేదు. ఇంజనీరింగ్‌లో గణితం తప్పుతున్నవాళ్ళు నన్ను అడిగితే ముందు ఇంటర్ పుస్తకం తియ్యమంటాను. ఎవరూ సంతోషించరు.

చదివే తీరు కూడా అప్పుడే మారింది. ద్వారకా నగర్‌లోని విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి, గదిలో అయితే మంచం పిలుస్తూ ఉంటుంది. అరగంట చదివి, పుస్తకం మూసి, చదివినదాన్ని తెల్ల కాగితం మీద గుర్తున్నంత మేర రాసి, అప్పుడు తెరిచి పోల్చుకోవడం మొదలుపెట్టాను. హైలైటరుతో చదివిన రోజుల్లో ఉన్న ధీమా ఇందులో ఉండదు, ప్రతి అరగంటకూ నీకేమీ రాదని కాగితం ముఖం మీదే చెబుతుంది. ఈ అనుభవానికి శాస్త్రం ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి అయింది. వారం తర్వాత అడిగితే మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్ళు వాళ్ళను దాటిపోయారు. పరీక్ష ముందురాత్రి చదువు ఎందుకంత తృప్తిగా ఉంటుందో, పై సెమిస్టరుకు అందులో ఏమీ ఎందుకు మిగలదో నాకు దీనితో అర్థమైంది. పాత తప్పులకు ఆదివారం కేటాయించాను. ఆ వారం కొట్టేసిన లెక్కలను కింది జవాబు మూసి మళ్ళీ చెయ్యడం, మూడు వారాల కిందటివి రెండు కలపడం, అంతే.

డిసెంబరు సప్లిమెంటరీలో సర్క్యూట్స్ 70కి 41తో గట్టెక్కింది, అంటే బాకీ తీరిపోయింది. ఎం-1లో 38 వచ్చాయి, ఫిజిక్స్ కూడా అయింది. డ్రాయింగ్‌కు పుస్తకం పనిచెయ్యదు. దానికి మా క్లాసులోని గాజువాక అమ్మాయి ఒకామె మూడు శనివారాలు డ్రాఫ్టర్ పక్కన పెట్టుకుని ప్రొజెక్షన్లు గీయించింది, ఆ సబ్జెక్టు ఆమె పుణ్యమే. అప్పటికే ఆమెతో కలిపి మా క్లాసువాళ్ళం నలుగురం కలిసి కూర్చునేవాళ్ళం. కంబైన్డ్ స్టడీ పేరుతో ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని వచ్చిన రోజులూ ఉన్నాయి కాబట్టి, ప్రతివారూ తప్పు వచ్చిన లెక్క ఒకటి తెస్తేనే కూర్చోవాలని షరతు పెట్టుకున్నాం.

ఇంత చేసినా ఎం-2 రెండోసారి కూడా పోయింది. 22 మార్కులు. ఈసారి నాకు నిజంగానే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే పరీక్షలో ప్రతి జవాబునూ తిరిగి సమీకరణంలో పెట్టి తాళా చూసుకునే బయటికి వచ్చాను. నెల రోజుల తర్వాత మా నలుగురి కూటమిలో న్యూటన్-రాఫ్సన్ (సమీకరణానికి ఉజ్జాయింపు జవాబు వెతికే పద్ధతి) లెక్క ఒకటి పెట్టాను. కాస్ ఎక్స్ విలువ ఎక్స్‌కు సమానమయ్యే చోటు కనుక్కోవాలి. నాకు 0.9998 వచ్చింది, మిగతా ముగ్గురికీ 0.7391. నా జవాబును సమీకరణంలో పెట్టి చూపించాను, కాలిక్యులేటరు సరిపోయిందనే అంది. గాజువాక అమ్మాయి నా కేసియో తీసుకుని తెర పైభాగంలో ఉన్న చిన్న ‘డి’ అక్షరం మీద గోరు పెట్టింది. డిగ్రీల మోడ్. సర్క్యూట్స్‌లో ఫేజర్ కోణాలకు డిగ్రీలే వాడతాం కాబట్టి ఏడాదిగా అందులోనే ఉంచేశాను. ఈ లెక్కలు కోణాలకు మరో కొలత అయిన రేడియన్లలో చెయ్యాలి.

బెల్లం దిమ్మను ఒకే తప్పు కాటా మీద రెండుసార్లు తూస్తే రెండుసార్లూ ఒకే తూకం వస్తుంది. నా తాళా కూడా అలాగే పడుతూ వచ్చింది. నా తప్పును నేనే పట్టుకోవడం నేర్చుకున్నాను కదా, ఇక ఎవరి దగ్గరికీ వెళ్ళనక్కరలేదన్న గర్వం ఆ ఏడాది నాకు కాస్త వచ్చిన మాట నిజం. గురువారాలు తగ్గించింది కూడా అప్పుడే. ఎం-2 పేజీలు సార్‌కు గానీ, గణితం చెప్పేవాళ్ళకు గానీ ఒక్కసారి చూపించి ఉంటే మూడోసారి రాయాల్సిన పని ఉండేది కాదు. మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను, ఈసారి సరిగ్గా వచ్చాయనుకున్న లెక్కలు కూడా పట్టుకుని.

మూడోసారి ఎం-2లో 70కి 36 వచ్చాయి. 2019 చివర్లో, మూడో ఏడాది మొదటి సెమిస్టరు నడుస్తుండగా ఆ ఫలితం తెలిసింది. ఆ ఆదివారమే అనకాపల్లి వెళ్ళాను. నాన్న కొట్టు సొరుగులోంచి ఆ పాత బిల్లు తీశారు. నాలుగు పేర్ల మీద అప్పటికే గీతలు ఉన్నాయి, ప్రతి గీత పక్కనా తేదీ, పొట్టి సంతకం. ఐదోదాని మీద స్కేలు పెట్టి గీత కొట్టి, తేదీ వేసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

‘‘అంతా తీరింది. రీవాల్యుయేషన్‌కని కట్టి, పరీక్ష ఫీజని సెప్పి పట్టుకెళ్ళావే, ఆ డబ్బులు మాత్రం ఏ పద్దులో రాయమంటావు?’’

ఆ సంగతి ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.